కుదుపు

డ్యూటీ దిగే ముందు ప్రసన్నకుమారి పసిపిల్లల్ని తూచే పళ్లెంలో మెత్తని గుడ్డ పరిచి, దాని మీద బియ్యం పోసింది. గుప్పెడు వేసి, చిటికెడు తీసి, అంకె రెండు కిలోల తొమ్మిది వందల దగ్గర నిలిచేదాకా వదల్లేదు.

"ఏంది సిస్టరమ్మా, పిల్లల పళ్లెంల బియ్యం తూస్తున్నవు?" అంది ఆయా ఉప్పలమ్మ, చీపురు గోడకి చేరవేసి.

"బియ్యం కాదే. మా మనవరాలు."

భద్రాచలంలో కోడలు శాంతిప్రియకి ఆడపిల్ల పుట్టి ఆరు రోజులైంది. ఆదివారం కొడుకు శ్యామ్‌ప్రసాద్ ఇక్కణ్నించి తన కారులో వెళ్లి తల్లినీ బిడ్డనూ సరిహద్దు ఇవతల ఈ కోంటాకి తీసుకొస్తాడు. ఆలోగా కారులో పిల్లని పడుకోబెట్టే సీటూ, బయట తిప్పే తోపుడు బండీ ఎంచిపెట్టే పని ప్రసన్నకుమారి మీద పడింది. "ఇరవై రెండేళ్ల నుంచి పసిపిల్లల వార్డులో ఉన్నారు. మీకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది అత్తయ్యా?" అంది కోడలు ఫోనులో. ఆ మాటకి ప్రసన్నకుమారి పైకి నవ్వింది గానీ, లోపల మాత్రం పరీక్షకి కూర్చున్న పిల్లలా అయిపోయింది.

పాత దిండుగలీబు తెచ్చి అందులో బియ్యం నింపింది. ముప్పావు వంతు ఒళ్లు, పావు వంతు తల. మధ్యలో కట్టు కట్టే పల్చటి గుడ్డతో ముడి వేసింది. ముడి బిగించలేదు. పుట్టిన పిల్ల మెడ ఎలా ఉంటుందో ఆమె చేతులకి తెలుసు. తల అటు వాలితే అటు, ఇటు వాలితే ఇటు పోవాలి. మూట తయారయ్యాక ఎత్తి చూసుకుంది. ఆమె ఎడమచెయ్యి తనంతట తనే ఆ బియ్యపు తల కిందికి వెళ్లింది. ఉప్పలమ్మ కిసుక్కున నవ్వింది.

కిటికీ పక్క మంచం మీద మాసే కూడా చూస్తోంది. ఆమె నవ్వలేదు. రెండు రొమ్ముల మధ్య, చీర మడతల్లో ఆమె బిడ్డ నిద్రపోతోంది. గొల్లపల్లి దాటి, రోడ్డు వదిలి లోపలికి పోతే వచ్చే పల్లె ఆమెది. ఎనిమిదో నెలలోనే కాన్పయింది. పుట్టినప్పుడు బిడ్డ కిలోన్నర. ఇరవై మూడు రోజులుగా తల్లి ఒంటి వెచ్చదనంతోనూ, సన్నని గొట్టంలోంచి చుక్కచుక్కగా దిగే పాలతోనూ పెరుగుతోంది. రోజుకు ముప్పై గ్రాములు పెరిగితే ఆ రోజు వార్డుకి పండగ. ఇన్నేళ్లయినా ఆ చేతివేళ్లని చూసినప్పుడల్లా ప్రసన్నకుమారికి ఒక్క క్షణం ఊపిరి ఆగుతుంది. ఆవగింజంత గోరు. ఆ గోరుకి కూడా ఒక అంచు, అంచు కింద గులాబీ రంగు. ఎవరు కూర్చుని చేశారు ఇంత ఓపిగ్గా, అనుకుంటుంది. చర్చిలో కూడా ఆమెకి ఇంత భక్తి కలగదు.

"నీ మొగడు ఇవాళ కూడా రాలే?" అంది ఉప్పలమ్మ మాసేతో.

మాసే తల అడ్డంగా ఊపింది.

మాసే మొగుడు హుంగా. మొదటి రోజు ఆమెని మంచంతో సహా మోసుకొచ్చిన నలుగురిలో అతనొకడు. ఆ రోజంతా బయట వరండాలో గొంతుక్కూర్చున్నాడు. మర్నాడు పొద్దున చూస్తే లేడు. మళ్లీ కనిపించలేదు.

"బతకదనుకొని పోయిండు. ఇసొంటోళ్లను ఎంతమందిని చూడలే," అంది ఉప్పలమ్మ.

ప్రసన్నకుమారి ఆమెని వారించలేదు సరికదా, తనూ ఓ మాట కలిపింది. "ఇరవై మూడు రోజులు. ఒక్కసారి మొహం చూపించలేకపోయాడా? అతనికేమంత పనే?"

"పని ఉంది అక్కా," అంది మాసే, బిడ్డ నెత్తి మీది గుడ్డ సర్దుతూ.

*

శేషగిరిరావు బట్టల కొట్టు కోంటా బజారులో పాతది. కొడుకు కిరణ్‌కుమార్ దాన్ని సగానికి అడ్డుగోడ కట్టి పిల్లల సామాన్ల దుకాణం పెట్టాడు. మూడు తోపుడు బళ్లు, రెండు కారు సీట్లు, నాలుగు నెలలుగా ప్లాస్టిక్ కవర్లలోనే ఉన్నాయి. చూసిపోయేవాళ్లే గానీ కొన్నవాళ్లు లేరు. అందుకే సిస్టరమ్మ చంకలో తెల్లటి మూటతో లోపలికి వచ్చి, "అన్నీ విప్పు బాబూ" అనగానే కిరణ్‌కుమార్ కవర్లు చింపేశాడు.

ఆమె చెప్పులు విడిచి, మోకాళ్ల మీద కూర్చుంది. మొదటి సీటులో బియ్యపు పాపని పడుకోబెట్టింది. తల మెల్లగా ముందుకి వాలి, గడ్డం ఉండవలసిన చోటు గుండె మీదికి వచ్చి ఆగింది. ఆమె ఎడమచేతి రెండు వేళ్లు ఆ సందులో పెట్టబోయింది. పట్టలేదు.

"ఇది వద్దు."

"ఎందుకండీ? ఇదే మెత్తగుంటది. చూడండి, ఎంత దూది!"

"ఆ దూదే దాని తప్పు. వీపు గుండ్రమై తల ముందుకి వాలుద్ది. పసిపిల్ల ఊపిరిగొట్టం గడ్డిపోచంత ఉంటాది బాబూ. గడ్డం గుండెకి ఆనితే ఆ పోచ మడతపడిపోద్ది. పిల్ల ఏడవదు కూడా. నిద్రపోతోందనుకుంటాం."

కిరణ్‌కుమార్ చేతిలో ఉన్న కవరు చప్పుడు చెయ్యడం మానేసింది. గల్లాపెట్టె దగ్గరున్న శేషగిరిరావు కళ్లజోడు తీసి, కుర్చీ ఇటు తిప్పుకున్నాడు. లంగా గుడ్డ చింపించుకుంటున్న ఇద్దరు ఆడవాళ్లు బేరం ఆపి దగ్గరికి వచ్చారు.

రెండో సీటు చూడ్డానికి గట్టిగా, నాజూకు లేకుండా ఉంది. అందులో బియ్యపు పాప వీపు తిన్నగా ఆనింది. తల వెనక్కి, కొద్దిగా పక్కకి ఒరిగింది. రెండు వేళ్లూ దూరాయి. ఆమె భుజాల మీది పట్టీలు లాగి, కడుపు దగ్గర గుండీ నొక్కింది. టక్కుమంది. భుజం దగ్గర పట్టీని బొటనవేలితో, చూపుడువేలితో గిల్లి పట్టుకోబోయింది. వేళ్లు జారాయి గానీ పట్టీ దొరకలేదు, బిగువు సరిపోయింది. విప్పింది, మళ్లీ పెట్టింది. నాలుగుసార్లు టక్కుమనిపించి, నాలుగోసారి కళ్లు మూసుకుని విన్నది.

"దీన్ని వెనక్కి తిప్పి బిగించాలంట సిస్టరమ్మా," అన్నాడు కిరణ్‌కుమార్ కాగితం చూసి. "పిల్ల మొహం డిక్కీ వైపు. అదేందో నాకు అర్థం కాలే. దారి చూడొద్దా పిల్ల?"

"మెడ నిలవని పిల్లకి దారెందుకయ్యా? ముందుకి కూర్చోబెడితే, బ్రేకు పడ్డప్పుడు ఒళ్లు ఆగుద్ది, తల ఆగదు. వెనక్కి ఉంటే ఆ దెబ్బ వీపంతా పంచుకుంటాది." చెబుతూనే ఆమె సీటుని రెండు చేతులతో పట్టుకుని ఒక్క ఊపు ఊపి ఆపింది. బియ్యం గలగల్లాడింది. తల మాత్రం ఉన్నచోటే ఉంది. చూస్తున్న ఆడవాళ్లలో ఒకామె తన చంటిదాన్ని చంక మార్చుకుని, ఎందుకో దాని మెడ తడిమి చూసుకుంది.

"ఇది కనిపెట్టిన మహానుభావుడు ఎవడో గానీ..." అంది ప్రసన్నకుమారి తనలో తను. ఎక్కడో, ఎవరో, ఏ దేశంలోనో, ఎప్పటికీ చూడబోని పిల్ల మెడ గురించి ఇంత ఆలోచించారు. పట్టీ ఎంత వెడల్పుండాలో, గుండీ ఎంత గట్టిగా ఉంటే తల్లి వేలికి లొంగి పిల్ల వేలికి లొంగదో. ఆ గుండీని ఇంకొకసారి నిమిరింది.

"ముప్పై ఏళ్ల సంది ఇక్కడ ఉంటున్నమమ్మా. మా పిల్లలంతా ఒళ్లోనే పెరిగిన్రు," అన్నాడు శేషగిరిరావు.

"నేనూ ఒళ్లోనే పెంచాను రావుగారూ. ఏం కాకపోవడం మన తెలివి కాదు. దేవుడి దయ."

తోపుడు బళ్ల దగ్గరికి వచ్చేసరికి చిక్కొచ్చింది. శాంతిప్రియ ఫోటోలో చూసి మనసు పడిన లేతవంగరంగు బండి కొట్లో గచ్చు మీద వెన్నలా నడిచింది. పడుకోబెట్టే పరుపు కూడా తిన్నగానే ఉంది. "బయట తోసి చూస్తాను," అంది ప్రసన్నకుమారి. గడప దాటి, మురిక్కాలవ మీది రాతిపలక ఎక్కగానే ముందు చక్రం సందులో ఇరుక్కుంది. పైకి లాగి తోస్తే, బజారు కంకర మీద బండి గడగడలాడింది. బియ్యపు పాప తల టకటకా కొట్టుకుంది. ఆమె నాలుగడుగులు వేసి ఆగిపోయింది. అటు చర్చి దాకా, ఇటు శబరి నది ఒడ్డు దాకా చూసింది. పిల్ల తల కదలకుండా పది గజాలు తోసే చోటు ఊరు మొత్తం మీద ఎక్కడుందా అని వెతికింది.

"సీటు ఇవ్వు. బండి సంగతి రేపు చెప్తాను," అంది.

ఆ సాయంత్రం ఫోనులో కోడలి మొహం చిన్నబోయింది. "రోడ్లు బాగోకపోతే ఇంట్లో తోసుకుందాం అత్తయ్యా," అంది. ప్రసన్నకుమారి ఫోను దగ్గరికి లాక్కుంది. పిల్లని దగ్గరగా చూపించమంది. పిల్ల ఆవలించింది. పెద్దవాళ్ల ఆవలింతే, అంతా ఉంది, చివర్న చిన్న నిట్టూర్పుతో సహా. అత్తాకోడళ్లిద్దరూ బండి మాట మర్చిపోయారు.

*

శనివారం పొద్దున మాసే బిడ్డ రెండు కిలోల నూట అరవై తూగింది. పెద్ద డాక్టరు ఇంటికి పంపమన్నారు. తల్లుల్ని ఊళ్లలో దించే సర్కారు బండి వేరే కాన్పు మీద కిష్టారం వైపు వెళ్లింది, రాత్రికి గాని రాదు. మాసే మూట కట్టుకుని, బిడ్డని గుడ్డతో గుండెకి కట్టుకుని, జీపు అడ్డాకి దారి ఏదని ఉప్పలమ్మని అడుగుతోంది.

"ఆగు. మా వాడి కారులో దింపుతాను," అంది ప్రసన్నకుమారి.

ఆ మాట అన్నాక ఆమెకే తన మీద కొంచెం అనుమానం వేసింది. మాసే మీద జాలితో అన్న మాటే. కానీ నిన్న సాయంత్రం శ్యామ్‌ప్రసాద్ సీటు బిగించి, "ఒకసారి దూరం తిప్పి చూస్తే బాగుండును అమ్మా, ఎల్లుండి పాపని ఎక్కించే ముందు" అన్నాడు. ఆ మాట కూడా లోపల ఉంది.

వెనక సీటులో, వెనక్కి తిరిగి ఉన్న ఆ చిన్న కుర్చీలో ప్రసన్నకుమారి మాసే బిడ్డని పడుకోబెట్టింది. సీటుతో పాటు చిన్నపిల్లల కోసం ఇచ్చిన పల్చటి మెత్త లోపల పెట్టి, తలకి రెండు వైపులా గుడ్డ చుట్టలు దోపింది. గుండీ నొక్కింది. గడ్డం కింద రెండు వేళ్లు పెట్టింది. పట్టాయి. తను పక్కన కూర్చుంది. మాసే అటువైపు కూర్చుని, బిడ్డ కడుపు మీద అరచెయ్యి వేసి ఇంక తియ్యలేదు.

తారు రోడ్డు కొత్తది. రెండు వైపులా మద్దిచెట్లు. అక్కడక్కడా జవాన్ల క్యాంపుల ముళ్లకంచెలు. గేటు దగ్గర ఆపిన జవాను కారులోకి తొంగిచూసి, కుర్చీకి కట్టి ఉన్న అంత చిన్న మనిషిని చూసి, తుపాకీ భుజానికి సర్దుకుని, గొంతు తగ్గించి, "జాయియే, ధీరే జాయియే" అని, మెల్లగా పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. అరగంటకోసారి ప్రసన్నకుమారి కారు ఆపించి, బిడ్డని తీసి మాసే గుండెకి ఆనించి, పది నిమిషాలాగి మళ్లీ పడుకోబెట్టింది. దారి పొడుగునా ఆమె కళ్లు ఆ గడ్డం మీదనే.

ఒక మలుపులో ఆవు అడ్డొచ్చింది. శ్యామ్‌ప్రసాద్ బ్రేకు మీద నిలబడ్డాడు. ప్రసన్నకుమారి నుదురు ముందు సీటుకి కొట్టుకుంది. మాసే మూట కింద పడి దొర్లింది. బిడ్డ మాత్రం పెదవులు ఒకసారి చప్పరించి నిద్రపోయింది. తల వెంట్రుకవాసి కదల్లేదు.

"చూశావురా? చూశావా?" అంది ప్రసన్నకుమారి, నుదురు రుద్దుకోవడం కూడా మర్చిపోయి.

మాసే కుర్చీని చూసింది. పట్టీ మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా లాగింది. "నీ మనవరాలిదా అక్కా ఇది?"

"అవునే."

"రేపు ఒస్తదా ఆమె?"

"రేపే."

"మరి ఇయ్యాల నా బిడ్డను ఎందుకు ఎక్కించినవు?"

నిష్ఠూరంగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది. ప్రసన్నకుమారికి నోట అబద్ధం రాలేదు. "నీ బిడ్డకి కుదుపు తగలకూడదని. అది నిజం. ఇదెట్లా పట్టుకుంటాదో చూద్దామని కూడా. అదీ నిజమే."

మాసే బిడ్డ తల పక్కన ఉన్న గుడ్డ చుట్టని వేలితో తాకింది. తర్వాత, "మంచిగ పట్టుకున్నది," అంది. చెయ్యి మళ్లీ బిడ్డ కడుపు మీద వేసుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. మిగిలిన దారంతా ప్రసన్నకుమారి తలెత్తి ఆమె మొహం చూడలేకపోయింది. దిండుగలీబులో పోసిన బియ్యం గుర్తొచ్చింది.

*

గొల్లపల్లి దాటాక తారు రోడ్డు మీద ఒకచోట మాసే ఆపమంది. అక్కడ దిగితే అడవిలోకి కాలిబాట. ఆసుపత్రి నుంచి కబురందిందేమో, చెట్టు కింద ఇద్దరు ఎదురుచూస్తున్నారు. ఒకామె భీమే, ఆ పల్లె మితానిన్. ఊళ్లో కాన్పులూ జ్వరాలూ చూసి, ఆసుపత్రికి కబురు పెట్టే మనిషి. రెండోవాడు హుంగా. బక్కపలచగా, మోకాళ్ల దాకా ఎర్రమట్టితో ఉన్నాడు.

అతనిని చూడగానే, మూడు రోజులుగా నోట్లో నానుతున్న మాటలన్నీ ప్రసన్నకుమారి నాలుక మీదికొచ్చాయి. అతను ఆమెని చూడలేదు. మాసే దగ్గరికి వచ్చి, గుడ్డ అంచు వేలితో ఎత్తి, లోపల ఉన్నదాన్ని చూశాడు. ఎంతసేపు చూశాడో. గుడ్డ ఎలా ఉన్నదలా కప్పి, మూట అందుకుని ముందు నడిచాడు.

"కుర్చీ తోటి మోసుకుపోదామా? చేతిపిడి ఉంది," అన్నాడు శ్యామ్‌ప్రసాద్.

"వద్దు," అంది మాసే. బిడ్డని గుండెకి బిగించి కట్టుకుంది. ప్రసన్నకుమారి అలవాటుగా గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి చూసింది. పట్టాయి. "ఇంటి దాకా వస్తాను," అంది. ఈ గుట్టల్లో ఎంత కుదుపో, ఏమో. తన కళ్లతో చూసి, ఆ మొగుడికి నాలుగు చీవాట్లు పెట్టి వద్దామనుకుంది.

పది అడుగులు వేశాక గాని ఆమెకి తెలియలేదు. కాలికింద రాయి తగలడం లేదు.

తలవంచి చూసింది. మూడు మూరల వెడల్పున బాట ఎర్రగా, సాపుగా, పేడతో అలికిన వాకిలిలా ఉంది. ఏరిన రాళ్లు రెండు అంచుల్లోనూ వరసగా పేర్చి ఉన్నాయి. బాటకి అడ్డొచ్చిన చెట్ల వేళ్లని గొడ్డలితో నేలమట్టానికి చెక్కి, మీద మట్టి కొట్టి ఉంది. ఒక మలుపులో వేరు మరీ లావుది, నరికితే చెట్టు చస్తుందేమో, దాన్ని వదిలేసి ముందూ వెనకా మట్టి పోసి వాలు చేశారు. ఎక్కుతున్నట్టే తెలియలేదు.

"ఈ బాట ఎవరేశారు? పంచాయితీయా?" అని అడిగింది.

భీమే హుంగా వీపు వైపు గడ్డం చూపించింది. "ఆయనే."

"ఒక్కడేనా?"

"మొదట్ల ఒక్కడే. పిచ్చి లేసిందని నవ్వినం. పొద్దుగాల గడ్డపార పట్టుకొని పోతడు, చీకటైనంక ఒస్తడు. ఇరవై దినాలైనంక నవ్వుడు బందయింది. వాగు కాడ దుంగలు మాత్రం ఊరోళ్లంత కలిసి ఏసిన్రు. ఒక్కనితోటి లేవయి గద."

వాగు వచ్చింది. ఈ వాగులో నడుము లోతు నీళ్లలో, బండరాళ్ల మీదుగానే మాసేని మంచం మీద మోసుకొచ్చారట ఆ రోజు. ఇప్పుడు నాలుగు మద్ది దుంగలు ఈ గట్టు నుంచి ఆ గట్టుకి. దుంగల మధ్య సందుల్లో గులకరాళ్లు దట్టించి, పైన బంకమట్టి మెత్తి, ఇంకా తడి ఆరకుండా ఉంది. అవతలి ఒడ్డు నిటారు. దాన్ని మెట్లుగా చెక్కారు. ఒక్కో మెట్టు జానెడు కూడా లేదు. అంచు విరగకుండా ప్రతి మెట్టుకీ ఒక వెదురు బద్ద. మాసే కాలు ఎత్తి ఎత్తనట్టుగా ఎక్కిపోయింది. గుడ్డలో బిడ్డ కదల్లేదు.

ప్రసన్నకుమారికి ఆ లేతవంగరంగు బండి కళ్లముందు మెదిలింది. ఆ మెట్లు తప్పిస్తే, కోంటాలో పది గజాలు దొరకని చోటు ఇక్కడ మైలు పొడుగునా పరిచి ఉంది.

"ఇంత పని ఎందుకు పెట్టుకున్నాడు?" అంది.

"ఆస్పత్రిల అక్క చెప్పిందంట. ఇది నెల తక్కువ బిడ్డ, కుదపొద్దు, కుదిపితే తలకాయల నెత్తురు కారుతది అని. మా బాట ముందు ఎట్లుండెనో నువ్వు చూడలే. ఈ బాట మీద బిడ్డను ఎట్ల తెచ్చుడని ఆ రాత్రే ఒచ్చేసిండు."

"ఏ అక్క చెప్పింది?"

భీమే హుంగాని తమ దొర్లీ భాషలో అడిగింది. అతను నడక ఆపకుండానే, వెనక్కి తిరిగి, మొదటిసారిగా ప్రసన్నకుమారి మొహంలోకి చూశాడు. "ఈ అక్కనే," అన్నాడు.

ఆమెకి జ్ఞాపకం లేదు. ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. వరండాలో నడుస్తూ ఎందరికో చెప్పే మాట. ఏ చేత్తో మందులపళ్లెం పట్టుకుని, ఏ కంగారులో, ఎటు చూస్తూ అన్నదో. అన్నది తను. విన్నవాడు అతను.

"ఒకసారైనా వచ్చి చూసిపోవచ్చు కదయ్యా," అంది చివరికి. చీవాటు కాదది, బతిమాలినట్టుంది.

హుంగా మూట భుజం మార్చుకున్నాడు. "లోపలికి మొగోళ్లను రానియ్యరు గద. బయట కూసుంటే దినం పోతది. ఈడ బాట తయారు కాదు."

ఇల్లు వచ్చింది. మాసే అత్త వాకిట్లో నీళ్లచెంబుతో నిలబడి ఉంది. మాసే వంగి లోపలికి వెళ్లి, కట్టు విప్పి, బిడ్డని చాప మీద పడుకోబెట్టింది. బిడ్డ నిద్ర లేవలేదు. మైలు దూరం మోసుకొచ్చినట్టు దానికి తెలియనే తెలియదు. ప్రసన్నకుమారి మోకాళ్ల మీద కూర్చుని ఆ ఊపిరిని లెక్కపెట్టబోయింది. ఇరవై దాకా వచ్చాక అంకె తప్పిపోయింది.

"అక్కా, నువ్వు ఏడుస్తున్నవు," అంది మాసే. పక్కకి జరిగి చోటిచ్చింది.

తిరుగుదారిలో హుంగా తోడొచ్చాడు. వాగు దాటుతుంటే, దుంగల మీది బంకమట్టిలో ఇందాకటి ప్రసన్నకుమారి చెప్పుల మడమల గుంటలు రెండు పడి ఉన్నాయి. అతను వంగి, అరచేత్తో వాటిని మెత్తి, సాపు చేసి, చెయ్యి తొడకి తుడుచుకుని లేచాడు. ఆమె తప్పు చేసిందని కాదు. బాటలో గుంట కనిపించింది, పూడ్చాడు. ఆ అరచేతుల్లో చర్మం ఉండవలసిన చోట ఎర్రగా, పచ్చిగా ఉంది.

ప్రసన్నకుమారి ఆగి, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది.

కారు దగ్గర శ్యామ్‌ప్రసాద్ ఖాళీ కుర్చీ పట్టీలు సవరిస్తున్నాడు. తల్లి వట్టి కాళ్లతో రావడం చూసి గాభరాగా ఎదురొచ్చాడు. "ఏమైందమ్మా? ముల్లు గుచ్చుకుందా?"

ఆమె ఎర్రమట్టి అంటిన పాదాల్ని ఒకదాని తర్వాత ఒకటి చూసుకుంది.

"లేదురా," అంది. "ఒక్క ముల్లు కూడా లేదు."